ల్యాడిల్ గోడ ఎర్రబడితే ఆరినట్టేనా?

విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఇండక్షన్ ఫర్నేస్ కార్ఖానాలో షిఫ్టు ఇన్‌చార్జిగా ఉన్న మిత్రులు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. 12 టన్నుల ల్యాడిల్‌కు (కరిగిన ఉక్కును పట్టి మోసే పెద్ద పాత్ర) లోపలివైపు కొత్తగా కాస్టబుల్ లైనింగ్ (నీటితో కలిపి కాంక్రీటులా పోసే, వేడికి తట్టుకునే గోడ) పోసి, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, గ్యాస్ బర్నరు పెట్టి నాలుగు గంటలు కాల్చారు. లోపలి గోడ చక్కగా ఎర్రబడింది. తీరా ఉక్కు పట్టగానే లోహం కుతకుత ఉడికి, పక్క గోడ నుంచి చేటంత పెచ్చు ఊడివచ్చింది. మిగిలిన ఉక్కును టండిష్‌లోకి (ల్యాడిల్ నుంచి వచ్చే ఉక్కును అచ్చులకు పంచే తొట్టి) వదిలితే, దాని అడుగున ధార దిగే రెండు నాజిళ్లలో ఒకటి మొదటి నిమిషంలోనే గడ్డకట్టి మూసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అంతవరకు అదృష్టం. "ఎన్ని గంటలు కాల్చాలి? ఎర్రబడటం చాలదా?" అన్నది వారి సందేహం.

ఎర్రబడటం చాలదు. నిజానికి లోపలి ముఖం రంగు మీకు కావలసిన రెండు సంగతుల్లో ఏ ఒక్కటీ సరిగా చెప్పదు. ఉక్కు పోయడానికి ముందు మనం చేసే పనిని వాడుకలో "హీటింగ్" అని ఒకే మాటతో అంటాము గాని, అందులో రెండు వేరు వేరు పనులున్నాయి. మొదటిది లైనింగులోని నీటిని బయటికి పంపడం. రెండవది, నీరు పోయిన ఆ లైనింగులో తగినంత లోతు వరకు వేడిని నిలవ చేయడం. మొదటిదానికి ఓర్పు కావాలి, రెండవదానికి మంట కావాలి. మీ కార్ఖానాలో మొదటి పని పూర్తికాకముందే రెండవది మొదలుపెట్టినట్టు కనిపిస్తోంది. పెచ్చు అందుకే ఊడింది. నాజిల్ మూసుకుపోవడానికి కారణం పూర్తిగా వేరు, దాని దగ్గరికి తరువాత వస్తాను.

ముందు నీటి లెక్క చూడండి. మీ ల్యాడిల్‌లో 150 మిల్లీమీటర్ల మందంతో పోసిన కాస్టబుల్ మూడు టన్నులు ఉంటుందనుకుందాం. తక్కువ సిమెంటు రకమైతే కలిపేటప్పుడు సుమారు 6 శాతం నీరు పోస్తారు, మామూలు రకమైతే 10 శాతం దాటుతుంది. 6 శాతమే అనుకున్నా 180 లీటర్లు, అంటే ఇళ్లకు తెచ్చే 20 లీటర్ల మంచినీళ్ల డబ్బాలు తొమ్మిది. అన్ని నీళ్లను ఆ గోడలోపల దాచిపెట్టి, దానిమీద 1600 డిగ్రీల ఉక్కును పోస్తున్నామని మనసులో ఉంచుకుంటే తొందరపడటం దానంతట అదే తగ్గుతుంది. ఒక లీటరు నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు అడుగుతుంది, ఇంకా వేడెక్కితే ఇంకా ఎక్కువ.

ఈ నీరంతా ఒకే రకంగా ఉండదు. రంధ్రాలలో ఊరకే నిలిచిన తడి 100 నుంచి 110 డిగ్రీల మధ్య పోతుంది. సిమెంటుతో రసాయనికంగా కలిసి గట్టిపడిన నీరు మాత్రం అంత తేలికగా వదలదు. అది ప్రధానంగా 200 నుంచి 400 డిగ్రీల మధ్య విడుదలవుతుంది, చివరి జాడ పోవడానికి 600 వరకు తీసుకువెళ్లాలి. అందువల్ల "రెండు రోజులు గాలికి ఆరనిచ్చాం" అన్నది కలిసిన నీటి విషయంలో ఏమీ చేయదు. గాలి, ఎండ తీయగలిగింది పైపై తడిని మాత్రమే, అదీ మన తీరపు గాలిలో, శ్రావణ భాద్రపదాల్లో అయితే అంతంత మాత్రమే.

పెచ్చు ఎలా ఊడుతుందో అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి. మంట పెట్టగానే లోపలి ముఖం ఆరి, దాని వెనుక ఉన్న నీరు ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరిలో కొంత మంటవైపు వస్తుంది, మిగతాది చల్లగా ఉన్న షెల్ (బయటి ఉక్కు డొక్క) వైపు వెళ్లి అక్కడ మళ్లీ నీరవుతుంది. ఈ విధంగా ఆరిన పొరకు వెనుక నీటితో నిండిన ఒక పొర ఏర్పడి, దాటడానికి దారిలేని అడ్డుగోడలా నిలుస్తుంది. అడ్డుగోడకు, వేడి పొరకు మధ్య చిక్కుకున్న ఆవిరి వేడి పెరిగినకొద్దీ పీడనం పెంచుకుంటుంది. 150 డిగ్రీల దగ్గర అది వాతావరణ పీడనానికి దాదాపు ఐదు రెట్లు, 200 దగ్గర 15 రెట్లు, 250 దగ్గర 40 రెట్లు, 300 దగ్గర 85 రెట్లు ఉంటుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కరు విజిల్ వేసేది సుమారు రెండు రెట్ల దగ్గర. కొత్త కాస్టబుల్ లాగుడు బలం అన్నది ఈ పై అంకెల మధ్యనే ఎక్కడో ఉంటుంది గనుక, 200 నుంచి 350 డిగ్రీల మధ్య తొందరపడిన ప్రతిచోటా గోడ పేలే అవకాశం ఉంది. మీ ల్యాడిల్‌లో కాల్చేటప్పుడు పేలకుండా ఉక్కు పోసినప్పుడు ఊడిందంటే, నాలుగు గంటల మంట ఆ తడి పొరను లోపలికి నెట్టి ఉంచిందే గాని బయటికి పంపలేదని అర్థం.

తక్కువ సిమెంటు కాస్టబుల్‌లో నీరు తక్కువ కాబట్టి తొందరగా ఆరుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అందులో రంధ్రాలు కూడా తక్కువ, చాలా సన్నం. నీరు కొంచెమే అయినా పోవడానికి దారి ఉండదు. అందుకే మంచి తయారీదారులు అందులో సన్నని ప్లాస్టిక్ పీచు కలుపుతారు. పాలీప్రొపిలీన్ పీచు 165 డిగ్రీల దగ్గర కరిగిపోయి, ఉన్నచోట వెంట్రుకవాసి దారులు వదులుతుంది, ఆవిరి ఆ దారుల్లో పోతుంది. సంచి తెరిచినప్పుడు పీచు పైకి తేలి కనిపిస్తే కొందరు మేస్త్రులు చెత్త అనుకుని ఏరి పారేస్తుంటారు. అది నేను నా కళ్లారా చూశాను, దయచేసి మీ దగ్గర జరగనివ్వకండి.

ఇక గంటల సంగతి. మీరు కొన్న కాస్టబుల్‌కు తయారీదారు ఇచ్చిన వేడి పట్టిక ఉంటే అదే ప్రమాణం, నా మాట కాదు. అది లేనప్పుడు, 150 మిల్లీమీటర్ల మందానికి నేను అనుసరించే క్రమం ఇది. పోసిన తరువాత ఒక రోజు తడి ఆరనివ్వకుండా కప్పి ఉంచి, అచ్చు తీసి మరొక రోజు గాలికి వదలాలి. తరువాత చిన్న మంటతో గంటకు 20 డిగ్రీల చొప్పున 120 వరకు తీసుకువెళ్లి అక్కడ ఆరు గంటలు నిలపాలి. మందంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు ఒక గంట అన్నది ఆ ఆరు గంటల వెనుక ఉన్న లెక్క. అక్కడి నుంచి గంటకు 25 చొప్పున 350 వరకు వెళ్లి మళ్లీ ఆరు గంటలు ఆపాలి. తరువాత గంటకు 40 చొప్పున 600 వరకు, ఆపైన గంటకు 75 చొప్పున 1050 వరకు పోవచ్చు. మొత్తం 38 గంటల పైచిలుకు అవుతుంది. నాలుగు గంటలకు, 38 గంటలకు తేడా చూసి యజమాని గ్యాస్ ఖర్చు గురించి అడుగుతారు, అది న్యాయమే. అయితే మొదటి 20 గంటల్లో కాలేది చిన్న మంట, అసలు గ్యాస్ చివరి ఆరేడు గంటల్లోనే ఖర్చవుతుంది.

మందం గురించి ఒక మాట చెప్పాలి. వేడి గోడలోకి దిగడానికి పట్టే సమయం మందంతో సమానంగా పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. 75 మిల్లీమీటర్ల గోడ లోతుకు వేడి చేరడానికి రెండు గంటలు పడితే, 150 మిల్లీమీటర్లకు నాలుగు కాదు, ఎనిమిది గంటలు పడుతుంది. తడి ఉంటే ఇంకా ఆలస్యం, ఎందుకంటే నీరు ఉడికి పోయేవరకు ఆ చోట ఉష్ణోగ్రత ముందుకు కదలదు. నాలుగు గంటలు కాల్చిన మీ గోడ ముఖం 800 డిగ్రీల ఎరుపులో మెరుస్తున్నప్పుడు, షెల్‌కు ఆనుకున్న భాగం బహుశా చెయ్యి పెట్టగలిగేటంత వేడి మీదే ఉండి ఉంటుంది.

ఈ పాఠం నేను పుస్తకంలో చదివినది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, విశాఖ వైపు ఒక కార్ఖానాలో, పాత ల్యాడిల్ అడుగున అరిగిపోయిన చోట రెండు తట్టల కాస్టబుల్ అతుకు వేయించాను. ల్యాడిల్ అప్పటికే వెచ్చగా ఉంది, అతుకు చిన్నది, రెండు గంటలు గట్టిగా మంట పెడితే ఎర్రబడింది, చాలుననుకున్నాను. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ముసలి మేస్త్రి ఒకాయన మాత్రం తల అడ్డంగా ఊపి, "ఎర్రగుంటే సరిపోద్దేటి బాబూ, కడుపులో తడుంది గదా" అన్నాడు. నేను వినలేదు. ఉక్కు పడిన పది సెకన్లలో అతుకు మొత్తం పైకి తేలి, నిప్పురవ్వలు క్రేన్ దాకా ఎగిరాయి. అప్పటి నుంచి కొత్త లైనింగు కంటే చిన్న అతుకునే ఎక్కువ అనుమానంగా చూస్తాను. కొత్త లైనింగును అందరూ భయంతో కనిపెట్టుకుని ఉంటారు, అతుకును ఎవరూ లెక్కచేయరు. పైగా అతుకు చుట్టూ, కింద పాత గోడ దట్టంగా ఉంటుంది కాబట్టి ఆవిరికి దారి ఒక్క పైవైపే. పోరస్ ప్లగ్ (అడుగునుంచి ఉక్కులోకి వాయువు పంపే సన్న రంధ్రాల బిరడా) చుట్టూ, నాజిల్ చుట్టూ వేసే గార కూడా అతుకే అని గుర్తుంచుకోండి.

ఆరిందా లేదా అన్నది తెలుసుకోవడానికి రంగు పనికిరానప్పుడు ఏది పనికివస్తుంది? రెండు గుర్తులు నమ్మదగినవి. ల్యాడిల్ షెల్‌కు 10, 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వరుసగా వేసి ఉండాలి. లేకపోతే ముందు అవి వేయించండి, ఎందుకంటే ఉక్కు రేకుతో మూసిన డబ్బాలో ఆవిరికి వెనుక దారి ఉండదు. చాలా పాత ల్యాడిళ్లలో రంధ్రాలు ఉంటాయి గాని గార, రంగు, మడ్డి పట్టి పూడిపోయి ఉంటాయి, కమ్మీతో పొడిచి తెరవాలి. కాల్చేటప్పుడు ఆ రంధ్రం ముందు చల్లని ఉక్కు పలకనో అద్దం ముక్కనో పట్టుకుంటే, ఆవిరి వస్తున్నంతసేపు దానిమీద చెమ్మ పడుతుంది. చెమ్మ ఆగేవరకు వేడి పెంచకూడదు. రెండవ గుర్తు షెల్ ఉష్ణోగ్రత. వెనుక తడి ఉన్నంతకాలం అది 100కు లోపు ఎక్కడో గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. ఆ నిలకడను వదిలి స్థిరంగా పైకి ఎక్కడం మొదలుపెట్టినప్పుడు తడి పోతున్నదని నమ్మవచ్చు. షెల్ మీద మూడుచోట్ల థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అతికించి గంటకొకసారి రాసుకుంటే చాలు, ఖరీదైన యంత్రమేమీ అక్కరలేదు.

మొదటి గంటలో రంధ్రాల నుంచి, మూత అంచుల నుంచి నీళ్లు కారుతుంటే "చూశారా, లైనింగులో నీరంతా వచ్చేస్తోంది" అని సంతోషపడేవారున్నారు. ఆ నీటిలో కొంత మీ గ్యాసే తయారు చేస్తుంది. ఒక కిలో ఎల్పీజీ కాలితే ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అది చల్లని గోడ తగలగానే నీరుగా మారుతుంది. అందువల్ల మొదట్లో మంట ఎంత చిన్నదైనా, పొగ గాలి కదలిక బాగా ఉండాలి. బ్లోయరుతో గాలి ఎక్కువ కలిపి, తక్కువ వేడిగల గాలిని ఎక్కువ మోతాదులో పంపడమే సరైన పద్ధతి. మూతను గట్టిగా బిగించి చిన్న మంట పెడితే లోపల ఆవిరి స్నానం జరుగుతుందే తప్ప ఆరబెట్టడం జరగదు. మంట గోడకు నేరుగా తగలకూడదు, ల్యాడిల్ మధ్య నుంచి అడుగుకు దిగి, తిరిగి గోడల వెంట పైకి రావాలి. మంట పొట్టిగా ఉండి అడుగు చేరకపోతే పైభాగం ఎర్రగా, అడుగు పచ్చిగా మిగులుతుంది. ఉక్కు మొదట పడేది అడుగునే.

ఇక రెండవ పని, వేడి నిలవ చేయడం. ఇక్కడ ఒక అంచనా లెక్క ఉపయోగపడుతుంది. 12 టన్నుల ఉక్కు, 150 మిల్లీమీటర్ల దట్టమైన హై అల్యూమినా గోడ, అరగంట నిలవ అనుకుంటే, చల్లని ల్యాడిల్ గోడలు గుంజుకునే వేడి ఉక్కును సుమారు 100 డిగ్రీలు దించుతుంది. అదే గోడలు లోతు వరకు 1050 డిగ్రీలకు వేడెక్కి ఉంటే, ఈ నష్టం 40 డిగ్రీల దరిదాపులకు తగ్గుతుంది. పైన ముఖం మాత్రమే 1050 ఉండి వెనుక చల్లగా ఉంటే నష్టం ఈ రెండిటి మధ్య ఉంటుంది. దీన్ని పూడ్చడానికి ఫర్నేస్‌లో ఉక్కును మరో 50 డిగ్రీలు ఎక్కువ కాచడం మన చిన్న కార్ఖానాల అలవాటు. 12 టన్నులకు ఆ 50 డిగ్రీల ఖర్చు, ఫర్నేస్ నష్టాలు కలుపుకుని, దాదాపు 200 యూనిట్ల కరెంటు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఆ అదనపు వేడికి ఫర్నేస్‌లోని సిలికా లైనింగ్ కరిగి పలచబడుతుంది. ల్యాడిల్ దగ్గర మిగిల్చిన గ్యాస్ డబ్బు ఫర్నేస్ దగ్గర రెట్టింపుగా కట్టవలసి వస్తుంది.

తడి వల్ల ఉక్కు నాణ్యతకు వచ్చే చేటు కూడా చిన్నది కాదు. నీటి ఆవిరి ద్రవ ఉక్కును తాకితే విడిపోయి, హైడ్రోజన్ లోహంలో కరుగుతుంది, ఆక్సిజన్ అల్యూమినియాన్ని, సిలికాన్‌ను కాల్చి మలినాలను మిగులుస్తుంది. 1600 డిగ్రీల దగ్గర ద్రవ ఇనుము పది లక్షలకు 25 భాగాల వరకు హైడ్రోజన్‌ను పట్టుకోగలదు. గడ్డకట్టగానే దాని పట్టు మూడో వంతు దరిదాపులకు పడిపోతుంది కాబట్టి, మిగిలినది బుడగలై బిల్లెట్ (పోతపోసిన ఉక్కు దిమ్మె) చర్మం కింద సూదిబెజ్జాలుగా నిలిచిపోతుంది. కొత్త ల్యాడిల్, కొత్త టండిష్‌లో పోసిన మొదటి హీటు (ఒక విడత ఉక్కు) బిల్లెట్లలోనే ఈ బెజ్జాలు ఎక్కువగా కనబడితే, నేరం స్క్రాపుది కాదు, తడిది.

ఇప్పుడు మూసుకుపోయిన నాజిల్ దగ్గరికి వద్దాం. టండిష్‌లో పని లైనింగు రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది. సిలికా బోర్డులు పరిచిన టండిష్‌ను చల్లగానే వాడే ఆచారం బిల్లెట్ కాస్టర్లలో ఉంది. ఆ బోర్డులు వేడిని బాగా ఆపుతాయి, ఎక్కువ కాలిస్తే అందులోని జిగురు ముందే కాలిపోయి బోర్డు కూలుతుంది. తడిగా చల్లే మాగ్నసైట్ పూత అయితే ముందు చిన్న మంటతో రెండు మూడు గంటలు ఆరబెట్టి, తరువాత పెద్ద మంటతో 1100 వరకు తీసుకువెళ్లాలి. మీరు ఏ రకం వాడుతున్నారో రాయలేదు, అయితే రెండింటిలో దేనిలోనైనా నాజిల్ మాత్రం వేడిగానే ఉండాలి. బిల్లెట్ నాజిల్ రంధ్రం 15 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. టండిష్‌లో ఉక్కు తన గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే 30, 40 డిగ్రీలే ఎక్కువ ఉంటుంది. అంత సన్నని ధార చల్లని జిర్కోనియా (నాజిల్‌కు వాడే, వేడికి తట్టుకునే పదార్థం) గొట్టంలోంచి దూరితే ఆ 30 డిగ్రీలు అక్కడే ఆవిరైపోతాయి.

సాధారణంగా జరిగే తప్పు ఏమిటంటే, బర్నరును టండిష్ మధ్యలో పెట్టి, నేల ఎర్రబడింది కాబట్టి నాజిల్ కూడా వేడెక్కిందని అనుకోవడం. మంట గాలి రంధ్రంలోంచి కిందికి దూరి బయటికి పోతేనే నాజిల్ లోపలి గోడ వేడెక్కుతుంది, లేకపోతే అడుగునుంచి చల్లగాలి పైకి పీలుస్తూ ఉంటుంది. కింద కంప్రెస్డ్ ఎయిరుతో పనిచేసే చిన్న ఎజెక్టరు తగిలించి వేడి గాలిని నాజిల్ గుండా లాగాలి. లాగుతున్నదా లేదా అని చూడటానికి నాజిల్ కింద కాగితం ముక్క పట్టుకుంటే తెలిసిపోతుంది. మీ రెండు నాజిళ్లలో ఒకటి పారి ఒకటి మూసుకుందంటే, మూసుకున్నది బర్నరుకు దూరంగా ఉన్నదేమో చూడండి. నేను పందెం కాయను గాని, అదేనని నా అనుమానం. జిర్కోనియా విషయంలో మరో సంగతి ఉంది. అది 1170 డిగ్రీల ప్రాంతంలో స్ఫటిక రూపం మార్చుకుని కుదించుకుంటుంది, చల్లారేటప్పుడు తిరిగి ఉబ్బుతుంది. స్థిరపరచిన రకంలో ఈ మార్పును చాలావరకు అణచిపెట్టినా, ఒకసారి వేడెక్కి చల్లారిన నాజిల్‌ను మళ్లీ వాడటం పగులును పిలిచి కూర్చోబెట్టడమే.

ఉక్కు ధారకు గాలి తగలకుండా కాపాడే అల్యూమినా గ్రాఫైట్ గొట్టాలు, ధారను ఆపే స్టాపర్లు వాడేచోట జాగ్రత్త తలకిందులవుతుంది. అక్కడ తడి భయం తక్కువ, ఎక్కువసేపు కాల్చడమే ప్రమాదం. అందులోని గ్రాఫైట్ 500, 600 డిగ్రీలు దాటగానే గాలిలో కాలిపోవడం మొదలుపెడుతుంది. దాన్ని కాపాడటానికి పైన గాజుపూత ఉంటుంది, కాని ఆ పూత కరిగి అంటుకునేది ఇంకా పై వేడిలో. అందువల్ల మధ్యలోని ఆ 600 నుంచి 900 వరకు ఉన్న మెట్టును వేగంగా దాటించి, ఒకటి నుంచి రెండు గంటల్లో 1000, 1100 చేర్చి, వెంటనే వాడాలి. సగం కాల్చి ఆపి, భోజనం చేసి వచ్చి మళ్లీ కాల్చిన గొట్టం చూడటానికి నిక్షేపంలా ఉంటుంది, గోటితో గీకితే పైపొర బూడిదలా రాలుతుంది. ఇటువంటి గొట్టానికి సిరామిక్ ఉన్ని చుట్టి ఉంచడం తప్పనిసరి. 1100 డిగ్రీల దగ్గర చుట్టని గొట్టం బయటి ముఖం వేడిని ఎంత వేగంగా వెదజల్లుతుందంటే, బర్నరు తీసిన మొదటి నిమిషంలోనే అది 100 డిగ్రీలకు పైగా పడిపోతుంది. ఫ్యూజ్డ్ సిలికా గొట్టాలు దీనికి భిన్నం. వేడికి అవి దాదాపు వ్యాకోచించవు కాబట్టి చల్లగా వాడినా పగలవు, చెమ్మ లేకుండా ఉంటే చాలు.

నిలవ గురించి చెప్పకుండా మన ప్రాంతంలో ఈ విషయం పూర్తికాదు. శ్రీకాకుళం, విజయనగరం తీరాలకు తుపాన్లు కొత్తకాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గోదాము రేకులు ఎగిరిపోయిన కార్ఖానాలు ఎన్నో. వానలో తడిసిన కాస్టబుల్ సంచిలో గడ్డలు కనిపిస్తే అది పనికిరాదు, నలిపి వాడవద్దు, సిమెంటు అప్పటికే తన పని చేసేసింది. మాగ్నసైట్ ఇటుకల సంగతి ఇంకా ఘోరం. వాటిలోని మాగ్నీషియా చెమ్మతో కలిసి హైడ్రాక్సైడ్‌గా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండింతలు దాటుతుంది. ఇటుక లోలోపల పొడి అవుతుంది, ఇంకా కొంత నిలిచి ఉంటే వేడి చేసినప్పుడు 350 డిగ్రీల దగ్గర ఆ నీటిని వదిలి చిట్లుతుంది. తుపాను వాన పడకపోయినా సరే, మన ఆషాఢం గాలి చాలు. నేలకు ఎత్తుగా, ప్లాస్టిక్ చుట్టు విప్పకుండా, పాతవి ముందు వాడుతూ పోవాలి. ఉక్కు పట్టేముందు ల్యాడిల్ అడుగు నాజిల్ రంధ్రంలో నింపే ఇసుకను కూడా ఇదే కంటితో చూడాలి, తడి ఇసుక గడ్డకట్టి ల్యాడిల్ తెరుచుకోదు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పోసేవారికి పచ్చి అచ్చు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. టన్నులలో పోసే మనమే ఆ భయాన్ని మరచిపోతుంటాము.

ఫర్నేస్‌లోని సిలికా ర్యామింగ్ మాస్‌ను (లైనింగుగా కూరి గట్టిపరిచే పొడి) మొదటిసారి కాల్చడం వేరే పెద్ద విషయం, ఇక్కడ ఒక్క మాట. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది గనుక 600 దాటేవరకు నెమ్మదిగా వెళ్లాలి. అందులో కలిపే బోరిక్ ఆమ్లం బరువులో నూటికి సుమారు 44 పాళ్లు నీరే కాబట్టి, వీలైతే బోరిక్ ఆక్సైడ్ కలిపిన మాస్ కొనండి.

మంట దగ్గరి భద్రతలో మన వైపు తరచూ చూసే లోపం ఒకటుంది. కరెంటు పోతే బ్లోయరు ఆగుతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, ల్యాడిల్ గుంటలో, హీటింగ్ పిట్‌లో నిలిచి, కరెంటు వచ్చాక ఎవరో నిప్పు చూపినప్పుడు పేలుతుంది. బ్లోయరు ఆగితే గ్యాస్ తానే మూసుకునే వాల్వు తప్పక పెట్టించండి. ఆగిన తరువాత మళ్లీ వెలిగించే ముందు ఐదు నిమిషాలు గాలి మాత్రమే వదలండి. రెసిన్ పట్టిన కార్బన్ ఇటుకలు మొదటిసారి వేడెక్కేటప్పుడు వచ్చే ఘాటైన పొగ ఒంటికి మంచిది కాదు, ఆ సమయంలో పిట్ దగ్గర మనుషులను ఉంచవద్దు. మధ్యలో ఎంతసేపు మంట ఆగిందో రాసుకుని, ఉష్ణోగ్రత ఎక్కడికి పడిపోయిందో అక్కడి నుంచి పట్టిక మళ్లీ మొదలుపెట్టాలి గాని, గడియారంలో మిగిలిన గంటలు లెక్కపెట్టకూడదు.

మీ ల్యాడిల్‌ను ఇప్పుడు ఏం చేయాలంటే, ఊడిన చోట మాత్రమే అతుకు వేసి మళ్లీ పనిలో పెట్టవద్దు. ఒకచోట ఊడిందంటే చుట్టుపక్కల గోడ లోపల పొరలుగా విడిపోయి ఉంటుంది, సుత్తితో తట్టి బోలు శబ్దం వచ్చినంతమేరా కొట్టేయాలి. సగానికి మించి బోలుగా ఉంటే మొత్తం తీసి కొత్తగా పోయడమే చవక. షెల్ రంధ్రాలు ఎన్ని ఉన్నాయో, లైనింగు అసలు మందం ఎంతో, కాస్టబుల్ సంచి మీద నీటి శాతం ఎంత రాశారో, మీ మేస్త్రి నిజంగా ఎంత పోశారో కనుక్కుని రాయండి. చివరి రెండు అంకెల మధ్య తేడా చాలాసార్లు అసలు కథ చెబుతుంది. అవి తెలిస్తే మీ ల్యాడిల్‌కు సరిపడే గంటల పట్టికను లెక్కకట్టి పంపుతాను.